దాదా రోజ్‌నామ్చాతో పాపికొండల దాకా

షబే బరాత్‌కి రెండు రోజుల ముందు అబ్బా, నేనూ ఖబరస్తాన్‌కి వెళ్లాం. ఏటా వెళ్తాం. తుమ్మ కొమ్మలు నరికి, గడ్డి పీకి, మన వాళ్ల ఖబర్‌ల మీద కొత్త మట్టి వేసి వస్తాం. మా రామచంద్రపురం జమీన్ సంగతి మీలో డెల్టా వాళ్లకి చెప్పక్కర్లేదు. నల్లది, జిగటది. ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు ఇస్తుంది, వానాకాలం కాలు వదలదు. శ్రావణంలో ఎవరి ఇంతెఖాల్ అయినా ఖబర్ తవ్వేవాళ్లు ముందు బకెట్లు తెచ్చుకోవాలి, నాలుగడుగులకే ఊట వచ్చేస్తుంది. నీళ్లకి ఉబ్బి, ఎండకి కుంచించుకుపోయే మట్టి కాబట్టి మా దాదా ఖబర్ ఏడాదికోసారి కాస్త కుంగుతుంది. మేం ఏడాదికోసారి దాన్ని మళ్లీ ఎత్తు చేస్తాం.

అబ్బాకి డెబ్భై ఏడు. వంగి పిడికిలితో మట్టి వేస్తూ, దాదా ఎప్పుడూ అనేవారట, ఆ మాట చెప్పారు. "యే మిట్టీ అప్నీ నై రే, ఊపర్ సే ఆయీ సో హై." ఊపర్ అంటే ఆస్మాన్ అనుకున్నాను. ఖబరస్తాన్‌లో నిలబడి ఇంకేం అనుకుంటాం? అబ్బా నవ్వారు. "ఆస్మాన్ కాదురా. పాపికొండల పైనుంచి."

మా దాదా రాజమండ్రిలో ఒక కలప అడితీలో మున్షీ. అడితీ పేరు, సేఠ్ పేరు ఇక్కడ రాయను. ఆయన సగం ఏడాది రాజమండ్రిలో, సగం ఏడాది నది మీద ఉండేవారు. పాపికొండల అవతల మకాం పెట్టి, కొండరెడ్లు, కోయలు కొట్టి తెచ్చిన వెదురూ టేకూ లెక్క రాసుకుని, తెప్పలు కట్టించి గోదావరి మీద కిందికి పంపడం ఆయన నౌకరీ. ఆ జీతంతోనే మా ఇంటి స్థలం కొన్నారు. ఆ రోజు ఇంటికొచ్చాక అబ్బా అటక మీది రేకు పెట్టె దింపించారు. అందులో పాత నిఖానామా, రెండు ఫోటోలు, అట్ట ఊడిన ఒక పెద్ద పుస్తకం. దాదా రోజ్‌నామ్చా.

మా ఖాందాన్‌లో దాన్ని చదవగలిగేది నేనొక్కణ్ణే. అబ్బాకి ఖురాన్ తిలావత్ వచ్చుగానీ ఉర్దూ శికస్తా రాత అందదు. నా తర్వాతి నస్ల్ అంతా ఇంగ్లీషు మీడియం. "ఉర్దూ మీడియంలో చదివి ఏం బాగుపడ్డావ్" అని ముప్పై ఏళ్లుగా వింటున్నాను కాబట్టి, ఆ రాత్రి కళ్లద్దాలు తుడుచుకుని దివాన్ మీద కూర్చున్నప్పుడు కొంచెం గర్వంగానే ఉందని ఒప్పుకుంటాను. ఆ గర్వం పది పేజీల వరకే నిలిచింది.

మొదటి పేజీ మీద ఫసలీ 1350 అని ఉంది. అంటే ఈసవీ 1940-41. ఆ తర్వాత అంతా ఒకటే తీరు. కుడి వైపు మనిషి పేరు, గూడెం పేరు. దాని కింద పేష్‌గీ: ఉప్పు, పొగాకు, ఎండు మిరప, ఒక పంచె, ఒకచోట "బీబీ కీ బీమారీ కే లియే" అని నగదు. ఎడమ వైపు జమ: వెదురు ఇన్ని వందలు. చివర బాకీ. ప్రతి మనిషికీ బాకీ ఉంది. వెదురు ఎంత తెచ్చినా బాకీ తగ్గదు. పుస్తకం సగానికి వచ్చేసరికి కొన్ని పేర్ల కింద జమ గడి ఖాళీగా ఉంది, బాకీ గడిలో అదే మనిషి కొడుకు పేరు ఎక్కింది. ఆ పేర్లు కూడా ఇక్కడ రాయను. వాళ్ల మనవలు ఇంకా అక్కడే ఉండొచ్చు.

పొద్దున్నే అబ్బాకి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నన్ను అక్కడికి తీసుకెళ్లు" అన్నారు. చిన్నప్పుడు దాదాతో ఒక్కసారి పడవలో వెళ్లారట, ఇంకేమీ యాద్ లేదు, కొండల మధ్య చల్లగా ఉండటం తప్ప.

ఆ ఆదివారం అబ్బా, నేను, మా బీవీ, తొమ్మిదో క్లాసు చదివే మా బేటీ బయల్దేరాం. మండపేట, ద్వారపూడి మీదుగా వెళ్లి ముందు దవళేశ్వరంలో ఆగాం. ఇది నా జిద్దు. పాపికొండలు చూడాలంటే ఆనకట్ట దగ్గర మొదలుపెట్టాలి. 1847లో ఆర్థర్ కాటన్ ఇక్కడ పని మొదలుపెట్టాడు, 1852కి ఆనకట్ట లేచింది. వీణెం వీరన్న పక్కన ఉండి జనాన్ని సమీకరించి, పని నడిపించాడు. అంతకు ముందు ఇరవై ఏళ్లలో ఈ జిల్లా కరువూ తుపానూ రెండూ చూసింది. 1832-33 కరువు, 1839లో కోరంగి రేవుని తుడిచేసిన తుపాను. నది పక్కనే ఉంది, నీళ్లు సముద్రంలోకి పోతున్నాయి, జనం ఆకలితో పోతున్నారు. కాటన్ ఆ నీళ్లని కాలువల్లోకి మళ్లించాడు. మన దగ్గర ఆయన బొమ్మలు ఊరూరా ఉన్నాయి, కారణం ఉంది. కానీ ఒక సంగతి తక్కువ మంది చెబుతారు. కాలువల్లోకి వచ్చింది నీళ్లొక్కటే కాదు. ఎర్రటి వరద నీళ్లలో ఒండ్రు కూడా వచ్చింది. మా నానీ వాళ్ల పొలంలో ఏటా కాలువ నీళ్లు పెట్టినప్పుడు మడిలో పల్చగా పేరుకునే ఆ పొరని రైతులు ఎరువులా చూసుకునేవారు.

ఆ ఒండ్రు ఎక్కడిది? ఇక్కడే మా బేటీతో వాదన మొదలైంది. బళ్లో చెప్పారట: గిరిజనులు కొండల మీద పోడు చేయడం వల్ల భూమి కోతకి గురవుతుంది, ఆ మట్టి నదిలో కలుస్తుంది. ఐదు మార్కుల ప్రశ్న. తను రాసి ఐదుకి ఐదు తెచ్చుకుంది. "అయితే మన పొలాలు వాళ్ల మట్టేగా అబ్బూ?" అంది. దాదా మాటా అదే. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

పూర్తిగా నిజం కాదు. గోదావరి త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి మన దగ్గరికి వస్తుంది. దారిలో పైఠణ్, నాందేడ్ తాకుతుంది. బీదర్ పక్కనుంచి మంజీరా వచ్చి కలుస్తుంది. మూడు లక్షల చదరపు కిలోమీటర్లకి పైగా జమీన్ మీద కురిసిన వాన ఈ ఒక్క నదిలోకి దిగుతుంది. అందులో పెద్ద భాగం దక్కన్ నల్లరేగడి. 2017లో లివియు గియోసాన్ అనే శాస్త్రవేత్త, ఆయన సాథీలు ఒక పరిశోధన అచ్చువేశారు. గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఎదురుగా, బంగాళాఖాతం అడుగున పేరుకున్న మట్టిని పొడవాటి కడ్డీలా తీసి, పొర పొరా వేల ఏళ్ల లెక్క తేల్చారు. నది పెట్టుకున్న రోజ్‌నామ్చా అది. అందులో ఏం రాసి ఉందంటే, నాలుగు వేల ఏళ్ల కిందట రుతుపవనాలు బలహీనపడి, దక్కన్‌లో చెట్టూ చేమా పల్చబడ్డాయి. నేల బట్టలేనిదైంది. ఆ నేల మీద కుండపోత వానలు పడ్డప్పుడల్లా మట్టి మునుపటికంటే ఎక్కువగా కొట్టుకొచ్చింది. ఆ తర్వాత వ్యవసాయం. ముందు రాతి పనిముట్ల రైతులు, తర్వాత ఇనుప యుగం రైతులు దక్కన్ పీఠభూమిని దున్నేకొద్దీ కోత ఇంకా పెరిగింది. గోదావరి ఉపనది ప్రవర ఒడ్డున దైమాబాద్‌లో తవ్వకాల్లో బయటపడిన ఊరు ఆ కాలపు రైతులదే.

అంటే మన డెల్టాని సముద్రంలోకి ఇంత దూరం నెట్టింది దక్కన్ మైదానం మీద అరకా నాగలీ. కొండవాలు మీద కత్తీ కర్రా పట్టుకున్న కొండరెడ్డి వాటా అందులో ఎంత? మన బిరాదరీకి ఇందులో ఒక ముచ్చట ఉంది. రాజమండ్రి పాత మసీదు శిలాశాసనం మీద హిజ్రీ 724 రమజాన్ నెల ఉంది, ఈసవీ 1324. తుగ్లక్‌ల కాలం. దక్కన్ నుంచి మన పూర్వీకులు ఈ తీరానికి రావడం ఏడొందల ఏళ్ల మాట. దక్కన్ మట్టి మాత్రం వేల ఏళ్ల ముందే వచ్చి ఇక్కడ మనకోసం చోటు సిద్ధం చేసింది.

దవళేశ్వరంలో టీ తాగి, రాజమండ్రి దాటి, ఎడమ గట్టు రోడ్డు మీద గండిపోచమ్మ గుడి దగ్గరికి చేరేసరికి తొమ్మిది దాటింది. లాంచీలు అక్కణ్ణుంచే. లైఫ్ జాకెట్లు వేయించి, తలలు లెక్కపెట్టి ఎక్కించారు. లాంచీ నడిపే మనిషిని సరంగు అంటారు మన దగ్గర. ఫార్సీలో సర్హంగ్, అంటే సేనాని. తాళ్లు విప్పే కళాసీ కూడా మన ఖలాసీనే. నది మీద సగం మాటలు ఉర్దూవే, అవి మనవని వాళ్లకీ తెలియదు, మనకీ తెలియదు.

బయల్దేరిన కాసేపటికి దేవీపట్నం వచ్చింది. వచ్చింది అనడం తప్పేమో. గోడలు మిగిలాయి, పైకప్పులు లేవు. దిగువన పోలవరం డ్యామ్ కోసం నదికి అడ్డంగా ఎగువ కాఫర్ డ్యామ్ కట్టాక వరద నీళ్లు వెనక్కి తన్ని ఈ ఊళ్లని ముంచుతున్నాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి లేచినప్పుడు ఇక్కడ ఇళ్ల మీదుగా పారింది. 1986లో అది 75.6 అడుగులు, ఇప్పటిదాకా అదే రికార్డు. కానీ అప్పుడు నీళ్లు వచ్చి వెళ్లిపోయాయి. ఇకముందు వెళ్లవు. ప్రాజెక్టు నిండితే నీటిమట్టం 45.72 మీటర్లు. అడుగుల్లో చెబితే 150. ఆ గీత కింద ఉన్నవన్నీ, గూడేలూ పొలాలూ ఖబర్‌లూ సమాధులూ, నీళ్లవే.

ఆ డ్యామ్ కడుతూ ఇంజినీర్లకి నది మరో సంగతి చెప్పింది. పోలవరం దగ్గర నది అడుగున రాయి అందుకోవడానికి ఇసుకలోకి కట్టిన గోడ కొన్ని చోట్ల 90 మీటర్లకి పైగా దిగింది. అంత లోతుగా ఒకప్పుడు నది రాతిని కోసుకుపోయింది, తర్వాత తనే ఆ గుంటని ఇసుకతో నింపుకుంది.

కచ్చులూరు దగ్గర సరంగు పాటలు ఆపించాడు. 2019 సెప్టెంబర్ 15న వరదలో ఒక పర్యాటక లాంచీ ఇక్కడే మునిగింది. యాభై మంది దాకా జానే పోయింది. నీళ్లు ఆ రోజు నిశ్చలంగా, నూనె పోసినట్టు ఉన్నాయి. మలుపు దగ్గర మాత్రం కింద ఏదో తిరుగుతున్నట్టు చిన్న సుడి. అబ్బా పెదవులు కదిలాయి. మా బేటీ నా చొక్కా పట్టుకుంది.

అక్కణ్ణుంచి కొండలు దగ్గరికి వస్తాయి. రాజమండ్రిలో మూడు కిలోమీటర్ల వెడల్పున, హేవలాక్ బ్రిడ్జికి 56 ఖానాలు కట్టించుకున్న నది ఇదేనంటే నమ్మబుద్ధి కాదు. కేకేస్తే అవతలి ఒడ్డున వినబడేంత సన్నగా అయిపోతుంది. వెడల్పు తగ్గినంత లోతు పెరుగుతుంది, నీళ్లు ఎక్కడికి పోతాయి మరి? జుట్టు మధ్య పాపిడి తీసినట్టు ఉంటుందని పాపిడి కొండలు, అదే నోట పడి పాపికొండలు. మా బీవీ వెంటనే "మాంగ్" అంది. పాపంతో ఈ పేరుకి లేనిపోని సంబంధం కలిపే వాళ్లు ఆ మలుపులో ఒకసారి నిలబడి చూడాలి.

గట్టున బయటపడ్డ రాయి ఎర్రగా, పొరలు పొరలుగా ఊడుతోంది. ఖొండలైట్ అంటారు. ఒడిశా ఖోండుల పేరు మీద పెట్టిన పేరు. కొండవాళ్లని అడవిలోంచి పొమ్మన్నవాళ్లే వాళ్ల పేరు రాయికి పెట్టారు. పైన ఎత్తులో అడవి పచ్చగా, వెదురుతో కిక్కిరిసి ఉంది. 1978లో దీన్ని అభయారణ్యం చేశారు. 2008లో నేషనల్ పార్క్ అయింది. వెయ్యి చదరపు కిలోమీటర్లకి పైగా. పులి, చిరుత, కణుజు, అడవిదున్న ఉన్నాయి. ఆ అడవిదున్నల వల్లే ఇంగ్రేజులు వీటిని బైసన్ హిల్స్ అన్నారు. మాకు కనిపించింది కోతులు, ఒక చేపల డేగ.

ఆ అడవిలో అక్కడక్కడా లేత ఆకుపచ్చ మరకలు. పక్కన కూర్చున్న రాజమండ్రి పెద్దమనిషి ఒకాయన వాటిని చూపిస్తూ "చూశారా, పోడు చేసి ఎలా నాశనం చేశారో" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. వందేళ్లకి పైగా సర్కారు చెప్పిన మాటే అది.

పోడు అంటే ఇదీ. చలికాలం చివర కొండవాలు మీద ఒక చెక్క ఎంచుకుని పొదలూ కొమ్మలూ కొడతారు. పెద్ద చెట్లని, పండ్ల చెట్లని ఉంచేస్తారు. ఎండలు ముదిరాక తగలబెడతారు. తొలకరికి ఆ బూడిదలో కర్రతో గుంటలు పెట్టి జొన్న, సామ, చోడి, కంది కలిపి వేస్తారు. రెండు మూడు పంటలు తీసి ఆ చెక్క వదిలేసి ఇంకో చోటికి వెళ్తారు. వదిలేసిన చోట అడవి మళ్లీ లేస్తుంది. నాగలి పడలేదు, వేళ్లు పీకలేదు కాబట్టి మట్టి ఆగుతుంది. తిరిగి అదే చెక్కకి రావడానికి చాలా ఏళ్లు పట్టినంతకాలం ఈ హిసాబ్ సరిపోయింది. సరిపోకుండా చేసిందెవరు? 1882లో మద్రాసు ఫారెస్ట్ చట్టం వచ్చింది. అడవిలో గీతలు గీసి ఇది రిజర్వు అన్నారు. తిరగడానికి జాగా తగ్గింది. ఇరవై ఏళ్లకి రావలసిన చెక్కకి నాలుగేళ్లకే వస్తే అడవి ఎక్కడ లేస్తుంది? వాలు మీద మట్టి అప్పుడు జారుతుంది. జాగా లాక్కుని, జారిన మట్టి ఇల్జామ్ మాత్రం వాళ్ల మీద వేశారు.

ఈ కొండల తారీఖ్ చదువుతుంటే నాకు ఇబ్బంది పెట్టేవి మళ్లీ మన మాటలే. కొండల్లో చిన్న చిన్న ఇలాకాలని ముఠాలనేవారు, వాటి మీద ముఠాదార్లు. రంప మీద మన్సబ్‌దార్. ఢిల్లీ దర్బార్‌లో గుర్రాల లెక్కతో ఇచ్చే దర్జా పేరు, ఈ వెదురు పొదల్లోకి వచ్చి పన్ను వసూలు చేసే మనిషి పేరైంది. ఆ మన్సబ్‌దార్, సర్కారు కలిసి చెట్టు మీది కల్లు మీద కూడా చిగురుపన్ను వేశారు. జీలుగు కల్లు కొండవాళ్లకి తాగడానికి మాత్రమే కాదు, గింజలు అయిపోయిన నెలల్లో సగం కడుపు నింపేది. 1879 మార్చిలో చోడవరం వైపు మొదలైన తిరుగుబాటు కొండల నిండా పాకింది. కారం తమ్మన్నదొర దాని నాయకుల్లో ఒకడు. 1880లో పోలీసులు ఆయన్ని కాల్చి చంపారు. మన్సబ్ రద్దయింది, ముఠాదార్లకి సర్కారే నేరుగా సనద్‌లు ఇచ్చింది. మన్సబ్ పోయింది, సనద్ వచ్చింది. రెండూ మన డిక్షనరీలోవే.

ఆ తిరుగుబాట్లని సర్కారు కాగితాల్లో ఫితూరీలు అన్నారు. 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి స్టేషన్ మీద పడ్డప్పుడూ అదే మాట. అరబీ ఫుతూర్ ఉర్దూలోకి వచ్చి గడబిడ, బిగాడ్ అయింది. మన ఇళ్లలో అల్లరి పిల్లాణ్ణి ఫితూరీ అంటాం. తెలుగులో ఇంకా దిగజారి పితూరీలు చెప్పడం, అంటే చాడీలు చెప్పడం అయింది. ఆకలేసి తిరగబడితే దానికి సర్కారు పెట్టిన పేరు, పిల్లల అల్లరికీ చాడీలకీ పెట్టే పేరు ఒకటే. నేను ఉర్దూ బడిలో ఆ మాట నేర్చుకున్నప్పుడు మాస్టారు ఇదేమీ చెప్పలేదు. ఆయనకీ ఎవరూ చెప్పి ఉండరు.

పేరంటపల్లిలో లాంచీ ఆగింది. ఈ కుడి గట్టు ఒకప్పుడు నిజాం రియాసత్, పాల్వంచ ఇలాకా. ఎదుటి గట్టు భద్రాచలం తాలూకా 1860లో నిజాం చేతిలోంచి ఇంగ్రేజుల చేతికి పోయింది. రెండు గట్ల మీదా అవే కొండరెడ్ల గూడేలు, మధ్యలో సర్కార్లు మాత్రం రెండు. దాదా రోజ్‌నామ్చాలో రెండు గట్ల లెక్కలూ ఉన్నాయి.

ఆ పుస్తకం రాస్తున్న రోజుల్లోనే, 1941లో, ఇంకో మనిషి కూడా ఇక్కడ నోటుబుక్కుతో తిరిగాడు. క్రిస్టాఫ్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్. ఆస్ట్రియా వాడు, చేతిలో జర్మన్ పాస్‌పోర్టు. యుద్ధం మొదలయ్యాక ఇంగ్రేజులు ఆయన్ని హైదరాబాద్ రియాసత్ దాటొద్దన్నారు. దాటలేక ఈ కొండలకి వచ్చి కొండరెడ్ల మధ్య ఉన్నాడు. 1945లో బైసన్ హిల్స్ రెడ్ల మీద ఆయన పుస్తకం వచ్చింది. కలప, వెదురు వ్యాపారులు అప్పులిచ్చి రెడ్లని ఎలా కట్టిపడేశారో అందులో వివరంగా ఉంది. నేను దాన్ని యూనివర్సిటీ లైబ్రరీలో ఎప్పుడో చదివాను. అప్పుడు ఆ వ్యాపారులంటే ఎవరో అనుకున్నాను. లెక్క రాసే మున్షీల గురించి ఆలోచించనే లేదు. పోడు మానేసి వెదురు కొట్టడానికి ఎందుకు వెళ్లేవారంటే, పోడు చేసే జాగా తగ్గింది, ఉప్పుకీ బట్టకీ పేష్‌గీ ఇచ్చేవాడు మున్షీ ఒక్కడే. రియాసత్‌లో ఈ కట్టుబానిస పద్ధతిని భగేలా అనేవారు. 1943లో నిజాం ప్రభుత్వం దాన్ని కట్టడి చేస్తూ ఒక రెగ్యులేషన్ తెచ్చింది. ఇటు ఇంగ్రేజు ఏజెన్సీలో 1917లోనే వడ్డీల మీద, భూముల బదిలీ మీద చట్టం ఉంది. దాదా పుస్తకంలో ఈ చట్టాల జాడ ఒక్క చోట కూడా లేదు.

గుడి మెట్ల కింద ఆడవాళ్లు వెదురుతో చేసిన పూలు అమ్ముతున్నారు. సన్నగా చీరి, ముడుచుకునేలా గీరి, రంగు వేసిన పూలు. మా బేటీ నాలుగు కొంది. అబ్బా ఆ ముసలమ్మ పక్కనే రాయి మీద కూర్చుండిపోయారు. ఇద్దరిదీ దగ్గర దగ్గర ఒకే వయసు. "పోడు చేస్తున్నారా అమ్మా ఇంకా?" అని అడిగారు.

"ఎక్కడ చేస్తాం బాబూ. కొండ పార్కోళ్లది. కింద నీళ్లోళ్లది."

"కాలనీలు ఇచ్చారంటగా?"

"ఇచ్చారు. ఇళ్లు వరసగా ఉంటాయి. మా ఆయన మొదటి వారం రోజూ పక్కింట్లోకి పోయేవోడు." ఆమె నవ్వింది. అబ్బా కూడా నవ్వారు. తర్వాత అడిగారు, "మీ నాన్నగారు వెదురు కొట్టేవారా, రాజమండ్రి వాళ్లకి?"

"కొట్టనోళ్లెవరు?"

"బాకీలు ఉండేవా?"

ఆమె అబ్బా టోపీ వైపు చూసింది, గడ్డం వైపు చూసింది. "పుస్తకం వాళ్ల దగ్గరుండేది బాబూ, మాకేం తెలుస్తది" అంది.

తిరుగు ప్రయాణంలో అబ్బా రేవు దాకా మాట్లాడలేదు. మధ్యలో ఒక్కసారి, మనిషి మయ్యత్ అయ్యాక మీరాస్ పంచే ముందు ఖర్జ్ తీర్చాలి కదా, ఆ పుస్తకం ప్రకారం ఖర్జ్ వాళ్లది, అన్నారు. నేనేం చెప్పాలి? హుఖూఖుల్ ఇబాద్ మీద జుమా బయాన్‌లు వింటూ పెరిగినవాళ్లం. మనుషుల హఖ్‌ని మనుషులే మాఫ్ చేయాలి.

డెల్టాకి ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. మట్టి రావడం తగ్గింది. ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు 2004లో లెక్క చెప్పారు: 1971-79 మధ్య గోదావరి ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది, 1990-98 నాటికి 5.7 కోట్ల టన్నులకి పడిపోయింది. పైఠణ్ దగ్గర జాయక్‌వాడీ, పోచంపాడు దగ్గర శ్రీరామ్‌సాగర్, ఇంకా ఎన్నో డ్యామ్‌ల వెనక అది ఆగిపోతోంది. ఒండ్రు రాని తీరాన్ని సముద్రం తింటోంది. ఉప్పాడ వెళ్లిన వాళ్లు రోడ్డుని అలలు ఎలా కొరికాయో చూసే ఉంటారు. ఒకప్పుడు ఒండ్రు ఎక్కువై కోరంగి రేవు పూడిపోయింది, ఇప్పుడు తక్కువై తీరం కరుగుతోంది. పోలవరం నిండితే ఇంకొంత ఆ 48 గేట్ల వెనక ఆగుతుంది. మా బేటీ ఇది విని, "అయితే ఆన్సర్ మార్చి రాయాలా?" అంది. పరీక్షలో మార్చొద్దు అన్నాను. పిరికి జవాబే. వాళ్లమ్మ నన్ను చూసిన చూపు మీకు వేరే చెప్పక్కర్లేదు.

షబే బరాత్ రాత్రి మేం మళ్లీ ఖబరస్తాన్‌కి వెళ్లిన సంగతి చెప్పనే లేదు, అది ప్రయాణానికి ముందే. ప్రయాణం అయ్యాక అబ్బా ఒక్కరే ఇంకోసారి వెళ్లొచ్చారు. వచ్చి, ఒక కొత్త లాంగ్ నోటుబుక్కు నా ముందు పెట్టారు. రోజ్‌నామ్చా అంతా తెలుగులోకి ఎత్తి రాయమన్నారు. "పేర్లు ముందు రాయి. లెక్కలు తర్వాత."

రాస్తున్నాను. రోజుకి రెండు మూడు పేజీలకంటే సాగడం లేదు. దాదా నుఖ్తాలు పెట్టడంలో బద్ధకస్తుడు. చాలా చోట్ల తడి తగిలి సిరా పాకింది. ఒక గూడెం పేరు పదకొండు చోట్ల ఉంది, పదకొండు చోట్లా కాఫ్, వావ్ స్పష్టంగా ఉన్నాయి, చివర వావ్, రే ఉన్నాయి, మధ్యలో అక్షరం అలుక్కుపోయింది. కొల్లూరు కావచ్చు, కొరుటూరు కావచ్చు. రెండూ గోదావరి ఒడ్డునే ఉన్నాయి. బక్రీద్‌కి ముందు ఇంకోసారి వెళ్లి రెండు చోట్లా ఆ ఇంటిపేర్లు అడుగుదామని అబ్బా అంటున్నారు. వానలు మొదలైతే లాంచీలు ఆపేస్తారు.